కుడితి తొట్టిలో బంగారు చేపలు

సినిమాలో విలన్ డెన్ అనగానే మీకేం గుర్తుకొస్తుంది? ఎర్ర లైట్లు, గిర్రున తిరిగే కుర్చీ, మెట్లు దిగి వచ్చే డ్యాన్సరు... వీటన్నిటి వెనకాల గోడ పొడుగునా ఓ చేపల తొట్టి! హీరో తుపాకీ పేల్చగానే అద్దం భళ్ళున పగులుతుంది. నీళ్ళు వరదలా పారతాయి. నేల టిక్కెట్టు వాళ్ళు ఈలలు వేస్తారు. ఆ చేపలేమయ్యాయని మాత్రం ఎవరూ అడగరు. దర్శకుడూ అడగడు, మనమూ అడగం!

చేపల తొట్టికీ సినిమాకీ వున్న చుట్టరికం ఇవాళ్టిది కాదండోయ్. 1962లో వచ్చిన మొట్టమొదటి జేమ్స్‌బాండ్ సినిమా 'డాక్టర్ నో'లో విలన్ గారి భోజనాల గదికి ఓ గోడంతా అక్వేరియమే. అందులో ఇంతింత చేపలు ఈదుతుంటాయి. నిజానికి అక్కడ చేపలూ లేవు, నీళ్ళూ లేవు. వెనకనుంచి ప్రొజెక్టరుతో వేసిన పాత ఫిల్ము ముక్క అది! బడ్జెట్టు చాలక కళాదర్శకుడు కెన్ ఆడమ్ బృందం దొరికిన ముక్కతో సరిపెట్టుకుంటే, అందులోవి కాస్తా బంగారు చేపలంత చిన్న చేపలు. తెర మీద వేస్తే తిమింగలాల్లా కనిపించాయి. మరేం చేస్తారు? ఈ అద్దం భూతద్దంలా చేపల్ని పెద్దవిగా చూపిస్తుందని విలన్ చేత ఓ డైలాగు చెప్పించేశారు. లోపమే డైలాగయి కూర్చుంది. సినిమా వాళ్ళ తెలివంటే అదీ!

1996లో బాజ్ లూర్మన్ తీసిన 'రోమియో ప్లస్ జూలియట్'లో లియొనార్డో డికాప్రియో, క్లేర్ డేన్స్ మొదటిసారి ఒకరినొకరు చూసుకునేది చేపల తొట్టి అద్దంలోంచే. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సంగతి చెప్పనే అక్కర్లేదు. సిడ్నీలో ఓ పళ్ళ డాక్టరు గారి తొట్టిలో ఇరుక్కుపోయిన పిల్ల చేప సముద్రంలోకి తప్పించుకోవడమే కథంతా. అది చూసి కళ్ళు తుడుచుకుని, బయటికి రాగానే "డాడీ, నాకూ నీమో కొనిపెట్టవా?" అన్న పిల్లలు ఎంతమందో!

సరే, అసలు విషయానికొద్దాం.

హీరోయిన్ బెడ్‌రూములో కిటికీ పక్కన ఓ గుండ్రటి గాజు బౌలు, అందులో ఒకే ఒక్క ఎర్ర చేప. హీరోయిన్ దానితో మనసులోని మాట చెప్పుకుంటుంది. ఈ సీను మీరు వంద సినిమాల్లో చూసి వుంటారు. అది చూసి మన కుర్రకారు చేసే మొదటి పని బజారుకెళ్ళి గాజు బౌలూ, జంట చేపలూ కొనుక్కురావడం. పుట్టినరోజుకి స్నేహితురాలికి ప్రజెంటేషన్ ఇచ్చేవాళ్ళూ వున్నారు. దుకాణం వాడు, "ఏం లేదు తమ్ముడూ, రోజూ నీళ్ళు మార్చెయ్, చాలు" అంటాడు. మొదటి రోజు చేప హుషారుగా వుంటుంది. మూడో రోజు పైకొచ్చి నోరు తెరుచుకుంటుంది. వారం తిరక్కుండానే తేలిపోతుంది. "బంగారు చేప ఆయుష్షే అంతేనేమో!" అనుకుని మనం ఊరుకుంటాం.

అంతే కాదండీ బాబూ! ఇంగ్లండులో 1956లో ఓ తిరునాళ్ళలో బహుమతిగా గెలుచుకున్న 'టిష్' అనే బంగారు చేప 1999 దాకా బతికింది. అంటే 43 ఏళ్ళు! హీరోగా వచ్చినవాడు తాత వేషాలకి దిగేటంత కాలం. అది రికార్డనుకోండి. మామూలుగా చూసుకున్నా పదీ పదిహేనేళ్ళు బతికే జీవం అది. దాన్ని వారంలో చంపేది దాని జాతకం కాదు, ఆ గాజు బౌలే.

ఎలాగంటారా? చేప నీళ్ళలోనే తింటుంది, నీళ్ళలోనే విసర్జిస్తుంది. దాని మొప్పల్లోంచి అమ్మోనియా అనే విషం వస్తూనే వుంటుంది. మూడు లీటర్ల బౌలులో అది ఒక్క రోజులోనే పేరుకుని మొప్పల్ని కాల్చేస్తుంది. పోనీ రోజూ నీళ్ళు మారుస్తారా, కుళాయి నీళ్ళలోని క్లోరిన్ దాని పని అది చేస్తుంది. పైగా మూతి దగ్గర ఇరుకయిన బౌలుకి గాలి తగిలే జాగా తక్కువ. ఊపిరాడదు. అదీ ఆ మూడో రోజు నోరు తెరవడంలోని అర్థం. మనకి అందంగా కనిపించేది దానికి గ్యాస్ చాంబరు!

మరేం చెయ్యాలి? పెద్ద అద్దాల అక్వేరియం కొనాలంటే డబ్బుతో పని. ఈ వారం నేను చెప్పబోయేది వేరే దారి. మీ తాతగారి ఊళ్ళో పశువుల పాక దగ్గర ఓ తొట్టి బోర్లా పడి వుంటుంది చూశారా? దాన్ని ఇంట్లోకి తెచ్చుకోండి!

తొట్టిలో చేపలేమిటి?

నవ్వకండి. బంగారు చేప పుట్టిందే తొట్టిలో చూడ్డానికి. చైనాలో సాంగ్ వంశపు రాజుల కాలంలో, అంటే దాదాపు వెయ్యేళ్ళ కిందట, ఓ బూడిదరంగు చేప సంతతిలో అక్కడక్కడా పుట్టిన ఎర్రవాటిని ఏరి, కొలనుల్లో వేరుగా పెంచడం మొదలెట్టారు. మింగ్ వంశం నాటికి అవి పింగాణీ తొట్టెల్లోకి, అక్కణ్ణుంచి ఇళ్ళలోకి వచ్చాయి. కొన్ని వందల ఏళ్ళపాటు జనం వాటిని పైనించే చూశారు. వెడల్పాటి వీపూ, విసనకర్రలా విచ్చుకునే తోకా, పైనించి చూస్తే మెరిసే రంగూ అన్నీ ఆ చూపు కోసం ఏరికోరి తెచ్చుకున్నవే. అద్దంలోంచి పక్కవాటుగా చూడ్డమన్నది ఆ తరవాతి ముచ్చట. లండన్ జూలో ప్రజల కోసం మొదటి అక్వేరియం తెరిచింది 1853లో. కాబట్టి తొట్టే పాత ఒరిజినల్, అద్దాల పెట్టె రీమేక్ అన్నమాట!

మా మావయ్యది కృష్ణా జిల్లాలో ఓ పల్లెటూరు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి. మోకాళ్ళు అరిగాక గేదెల్ని కూడా అమ్మేశాడు. పిల్లలు తలో పట్నంలో వున్నారు. మిగిలింది పాకలో ఓ గుండ్రటి సిమెంటు గోలెం. ముప్ఫయ్యేళ్ళపాటు బియ్యం కడుగూ, గంజీ, తవుడూ కలిపిన కుడితి పోసి గొడ్లకి పెట్టిన తొట్టి అది. పాక పీకేసి జాగా చదును చేస్తుంటే మేస్త్రి, "దీన్ని పగలగొట్టి పునాదిలో వేసేద్దామండీ" అన్నాట్ట.

"గొడ్డు నోరు పెట్టిన తొట్టిరా అది. దాన్ని గునపంతో పొడుస్తుంటే చూస్తూ ఎట్లా నుంచోనురా అల్లుడూ?" అన్నాడు మావయ్య ఫోన్లో.

ఆయన బాధ తొట్టి గురించి మాత్రమే కాదని నాకు తెలుసు. నలభయ్యేళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి లేచి గొడ్ల పని చూసినవాడు. గొడ్లు పోయినా ఆ మెలకువ పోలేదు. లేస్తాడు. చీకట్లో పాక దాకా వెళ్ళి వూరికే నిలబడి వచ్చేస్తాడు. ఈ సంగతి అత్తయ్య చెప్పింది నాకు.

అలా ఆ గోలెం నడవాలోకి వచ్చింది. "చేపలేంట్రా, పాలిస్తాయా ఏమన్నానా?" అని అత్తయ్య మొదట్లో మూతి తిప్పింది. పాలివ్వవు నిజమే. కానీ ఇప్పుడు నాలుగింటికి లేచిన మనిషికి వెళ్ళి చూసుకోవలసిన ప్రాణాలున్నాయి. ఆయన నీడ పడగానే అయిదూ కలిసి అంచుకి వస్తాయి. బంగారు చేపకి మూడు సెకన్ల జ్ఞాపకశక్తే అని జనం అంటారు గానీ అదంతా వట్టిది. మేత పెట్టే వేళనీ, సంకేతాన్నీ అవి నెలల తరబడి గుర్తుపెట్టుకోగలవని ప్రయోగాలు చేసి మరీ తేల్చారు.

ఆ గోలెం పెట్టేటప్పుడు చూసినవీ, తెలుసుకున్నవీ మీకు వరసగా చెబుతాను. కాగితం, పెన్సిలూ తెచ్చుకోండి.

ఏ తొట్టి?

రాతి తొట్టయినా, సిమెంటు గోలెమయినా, గట్టి ప్లాస్టిక్ టబ్బయినా ఫరవాలేదు. అయితే మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. గొడ్లకి పిడుదుల మందు ఎప్పుడయినా ఆ తొట్టిలో కలిపారా? ఆ మందులు చాలామటుకు పైరెత్రాయిడ్ జాతివి. గొడ్డుకి ఏమీ కాదు గానీ చేపకి చుక్క చాలు. సిమెంటు దాన్ని పీల్చుకుని వుంటుంది కూడా. అనుమానం వుంటే ఆ తొట్టిని పూల మొక్కలకి వదిలేసి ఇంకోటి చూసుకోండి.

శుభ్రం చేసేటప్పుడు సబ్బూ, ఫినాయిలూ దగ్గరకి రానివ్వకండి. కళ్ళుప్పు వేసి కొబ్బరి పీచుతో తోమి, నాలుగయిదు సార్లు కడిగి ఎండబెట్టండి. కొత్త సిమెంటు తొట్టయితే తొందర పనికిరాదు. కొత్త సిమెంటులోంచి సున్నం దిగి నీళ్ళు ఘాటెక్కుతాయి. మూడు నాలుగు రోజులకోసారి నీళ్ళు పారబోస్తూ, మళ్ళీ నింపుతూ కనీసం మూడు వారాలు నానబెట్టాలి. అరటి బోదె ముక్కలు వేసి నానబెట్టడం మన పక్క పాత అలవాటు. చివర్న పీహెచ్ కాగితం ముంచి చూడండి. ఎనిమిదిన్నర దాటకపోతే సరే.

అమ్మమ్మగారి ఇత్తడి గంగాళంలో చేపలు వేసి హాల్లో పెడితే ఎంత బావుంటుందో అని కొందరికి ఓ సరదా. గులాబీ రేకులు వేసుకోండి, దీపాలు తేలించుకోండి, చేపలు మాత్రం వద్దు. ఇత్తడిలో వున్నది రాగీ, జింకూ. రెండూ చేపలకి విషమే. జింకు పూత పూసిన ఇనుప తొట్లదీ అదే గొడవ. అవి వాడి తీరాలంటే లోపల చెరువులకి వేసే మందపాటి ప్లాస్టిక్ షీటు పరవాలి.

ఎక్కడ పెట్టాలి?

నాలుగడుగుల వెడల్పు గుండ్రటి తొట్టిలో ఇరవై అంగుళాల లోతున నీళ్ళు పోస్తే సుమారు 580 లీటర్లు పడతాయి. లీటరు నీళ్ళు కిలో. రెండంగుళాల మందం గోడలున్న సిమెంటు తొట్టి బరువు ఇంకో నాలుగు వందల కిలోలు. మొత్తం కలిపితే టన్నుకి దగ్గర! ఇళ్ళ కప్పుల మీద చదరపు మీటరుకి రెండు వందల కిలోల లెక్కన బరువు పడుతుందని అంచనా వేసి ఇంజనీర్లు స్లాబు కడతారు. మీ తొట్టి కూచునే జాగా చదరపు మీటరుకి కాస్త ఎక్కువ. లెక్క మీరే వేసుకోండి. అందుకని తొట్టి కింది అంతస్తులో, నేల మీదే వుండాలి. మేడ మీద గదిలోకి, అందులోనూ అద్దె ఇంట్లోకి వద్దు. మేడ మీదే కావాలంటే వందా నూటయాభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు చాలు. అదయినా గోడ వారగా పెట్టుకోండి.

నాలుగడుగుల తొట్టి మూడడుగుల గుమ్మంలోంచి ఎలా దూరుతుందనేగా మీ సందేహం? పడుకోబెట్టి మోస్తే దూరదు. నిలువుగా లేపి బండి చక్రంలా దొర్లించుకుంటూ రావాలి. అప్పుడు గుమ్మానికి తగిలేది రెండడుగుల ఎత్తే! నలుగురు మనుషులు, రెండు మోకులు, గుమ్మానికి అటూ ఇటూ పాత గోనెసంచులు వుంటే పని అయిపోతుంది.

కిటికీ వెలుగు పడాలి గానీ ఎండ నేరుగా పడకూడదు. పడితే నీళ్ళు పచ్చబడతాయి. స్విచ్ బోర్డు కిందా, టీవీ పక్కనా, పుస్తకాల బీరువా దగ్గరా పెట్టకండి. తేమకి అవి పాడవుతాయి. రసమట్టం పెట్టి చూసి, వాలు లేదని తేలాకే నీళ్ళు పోయండి. పోశాక జరపడం భీముడికి కూడా సాధ్యం కాదు!

నీళ్ళలో ముగ్గురు పాత్రలు

ఇప్పుడు అసలు కథ. కుళాయి నీళ్ళు ఓ రోజంతా తెరిచి వుంచితే మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది. క్లోరమిన్ కలిపిన నీళ్ళయితే ఎంత నిలవబెట్టినా పోదు. అక్వేరియం దుకాణాల్లో దొరికే క్లోరిన్ విరుగుడు మందు చుక్కలు వెయ్యాల్సిందే. బోరు నీళ్ళలో క్లోరిన్ వుండదు గానీ ఆక్సిజన్ తక్కువ. ఓ రోజు గాలి పంపు పెట్టి కలియబెట్టాలి.

నీళ్ళు తేటగా వున్నాయి కదా అని అదే రోజు చేపల్ని వదిలితే కథ ఇంటర్వెల్‌కి ముందే విషాదాంతం. ఎందుకంటే తొట్టిలో ఇంకా హీరోలు పుట్టలేదు. హీరోలెవరంటారా? కంటికి కనిపించని సూక్ష్మజీవులు. చేప వదిలే అమ్మోనియా మెయిన్ విలన్. ఓ రకం సూక్ష్మజీవులు దాన్ని తిని నైట్రైటుగా మారుస్తాయి. ఇది సైడ్ విలన్, ఇదీ విషమే. ఇంకో రకం వచ్చి దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఇది మనసు మారిన విలన్ లాంటిది. మోతాదు మించకపోతే చేపనేమీ చెయ్యదు. పైగా మొక్కలకి ఎరువు. ఈ హీరోలు గులకరాళ్ళకీ, స్పాంజికీ అంటుకుని పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

అందాకా పంపు ఆడిస్తూ, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ వుండండి. చేపలు లేకపోయినా ఆ మేత కుళ్ళి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవులూ పుడతాయి. ఎవరింట్లోనయినా బాగా నడుస్తున్న అక్వేరియం వుంటే ఓ గుప్పెడు గులకరాళ్ళు అడిగి తెచ్చుకుంటే పని ఇంకా తొందరగా అవుతుంది. మన పెరుగు తోడు లాగే! దుకాణాల్లో పరీక్ష కిట్లు దొరుకుతాయి. అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా అని చూపించిన రోజే చేపల గృహప్రవేశానికి ముహూర్తం.

పంపు గంటకి ఆరేడు వందల లీటర్లు తోడేదయితే ఈ తొట్టికి చాలు. నీళ్ళు ఓ ప్లాస్టిక్ బకెట్లోకి వచ్చి, స్పాంజీ, గులకరాళ్ళ మధ్య నుంచి వడకట్టుకుని తిరిగి తొట్టిలో పడేలా చేసుకుంటే అదే ఫిల్టరు. పైనించి పడే ధార వల్ల గాలి కలుస్తుంది, చప్పుడు కూడా వినసొంపుగా వుంటుంది. స్పాంజి మురికి పడితే కుళాయి కింద కడగొద్దు. క్లోరినుకి హీరోలందరూ పోతారు! తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండండి.

కరెంటు మాట మరవకండి. నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే వున్న చోట ముప్ఫయి మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. వైరు ప్లగ్గులోకి వెళ్ళేముందు ఓ వంపు కిందికి వేలాడితే నీటి చుక్క ప్లగ్గు దాకా పాకదు. చెయ్యి నీళ్ళలో పెట్టేముందు స్విచ్చి ఆపండి. గాలి పంపుని నీటిమట్టానికి పైనే వుంచండి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి పంపులోకి వస్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. దోమల కాయిలూ, ప్లగ్గులో పెట్టే దోమల మందూ, బొద్దింకల స్ప్రే కూడా చాలామటుకు ఆ పైరెత్రాయిడ్ బాపతే. ఆ గదిలో వాడకండి. గాలి పంపు ఆ గదిలోని గాలినే పీల్చి నీళ్ళలోకి కొడుతుందని గుర్తుంచుకోండి.

తారాగణం

580 లీటర్లకి ఎన్ని బంగారు చేపలు? అయిదు, మహా అయితే ఆరు. "అంత తొట్టికి అయిదేనా?" అని మూతి ముడవకండి. ఇవాళ రెండంగుళాలుండే పిల్ల రేపు జానెడు పెరుగుతుంది. జపాన్ కోయి చేపల జోలికి వెళ్ళొద్దు. అవి రెండడుగులు పెరుగుతాయి, వాటికి చెరువు కావాలి.

మన ఎండల సంగతి కూడా చూసుకోవాలి. బంగారు చేప చల్లటి నీళ్ళ జీవి. నీళ్ళు వేడెక్కిన కొద్దీ అందులో కలిసి వుండే ఆక్సిజన్ తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరులో 9 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర ఏడున్నరే. రోహిణి కార్తెలో పంపు ఒక్క గంట కూడా ఆగకుండా చూడాలి. కరెంటు కోత వున్న ఊళ్ళో బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు కొని వుంచుకోండి. రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల వున్నవాళ్ళు బంగారు చేపల మోజు మానుకుని, వేడికి తట్టుకునే గప్పీలో, మోలీలో, లేకపోతే మన దేశపు నీళ్ళలోనే పుట్టిన రోజీ బార్బ్, జీబ్రా డానియోలో వేసుకోవడం మేలు. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. ఆరు వేస్తే ఏడాది తిరిగేసరికి అరవయ్యవుతాయి. మల్టీస్టారర్ అన్నమాట! బంగారు చేపల్నీ గప్పీల్నీ మాత్రం కలపొద్దు. నోటికి పట్టిన పిల్లల్ని పెద్దవి మింగేస్తాయి.

"ఇంట్లో నీళ్ళు నిలవుంటే దోమలు రావా?" అని అమ్మలు అడుగుతారు. చేపల్లేని తొట్టయితే తప్పకుండా వస్తాయి. చేపలుంటే దోమ పెట్టిన పిల్లలు వాటికి పలహారం. దోమల్ని తింటుందనే గాంబూసియా అనే చేపని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెప్పించారు. మీరు తొట్టిని నానబెట్టే ఆ మొదటి వారాల్లోనే జాగ్రత్త. సన్నటి వల కప్పి వుంచండి.

మేత విషయంలో ప్రేమ పనికిరాదు. రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకి రెండుసార్లు, అంతే. బంగారు చేపకి మనలాగా కడుపు సంచి లేదు, పేగే వుంది. దాచుకోలేదు. అది అడుగుతూనే వుంటుంది. మీరు మాత్రం పెట్టకూడదు. వూరెళ్ళి నాలుగు రోజులు పెట్టకపోయినా దానికేం కాదు. పక్కింటి వాళ్ళకి డబ్బా అప్పగించి వెళితేనే ప్రమాదం!

వారానికోసారి అయిదో వంతు నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. అంటే ఎనిమిది బకెట్లు. అన్నీ ఒక్కసారి మార్చడం మంచిది కాదు. తీసిన నీళ్ళు కరివేపాకు చెట్టుకీ, కనకాంబరాలకీ పొయ్యండి. నైట్రేటు వాటికి బలం. మనీప్లాంటు తీగ ఒకటి వేళ్ళు మునిగేలా అంచుకి వేలాడదీస్తే అది కూడా నీళ్ళని శుభ్రం చేస్తుంది, చూడ్డానికీ బావుంటుంది.

రెండు షరతులు

ఇంతవరకూ చెప్పినవి పాటించినా మానినా నష్టం మీ జేబుకీ, చేపకీ. ఇప్పుడు చెప్పేవి మాత్రం పాటించి తీరాలి.

మొదటిది. రెండడుగుల తొట్టి అంచు సరిగ్గా రెండేళ్ళ పిల్లవాడి ఛాతీ ఎత్తున వుంటుంది. చేపని పట్టుకుందామని ముందుకి వంగితే పిల్లల తల బరువుకి మనిషి తిరగబడిపోతాడు. తిరిగి లేవలేడు. చప్పుడు కూడా చెయ్యడు. కొన్ని అంగుళాల నీళ్ళు చాలు పసివాడి ప్రాణం పోవడానికి. కనక తొట్టి మీద ఇనుప చట్రం బిగించిన జాలీ మూత, దానికో గొళ్ళెం లేకుండా ఆ ఇంట్లో నీళ్ళు పొయ్యకండి. మా మావయ్య తొట్టికి వుంది. వేసవి సెలవులకి మనవలొస్తారని ముందు మూత చేయించాకే నీళ్ళు పోయించాడు. ఎగిరి దూకే చేపకీ, కన్నేసిన పిల్లికీ కూడా అదే కాపలా.

రెండోది. విసుగు పుట్టిందనో, వూరు మారుతున్నామనో చేపల్ని తీసుకెళ్ళి చెరువులోనో కాలవలోనో వదలకండి. "పాపం, స్వేచ్ఛ ఇద్దాం" అనుకోవడం సినిమా క్లయిమాక్సుకి బావుంటుంది గానీ నిజంలో దాని ఫలితం వేరు. తొట్టిలో పాచి తింటుందని అమ్మే నల్లటి సక్కర్ చేప వుంది చూశారూ? దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దుకాణంలో వేలెడు. పెరిగితే అడుగున్నర. ఎవరో అలా వదిలిపెట్టిన వాటి సంతతే ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల నీళ్ళలోనూ చేరి, ముళ్ళతో వలలు చించి, మన చేపల తిండి తాను తిని, జాలర్ల పొట్ట కొడుతోంది. దాన్ని దెయ్యం చేప అని ఊరికే అనలేదు జనం. మీకొద్దనుకుంటే తెలిసిన వాళ్ళకివ్వండి, లేదా కొన్న దుకాణానికే తిరిగివ్వండి.

అదండీ సంగతి. ఇంత జాగ్రత్త మావల్ల కాదంటారా? మంచిదే! చేపల్ని తెర మీదే చూసి ఆనందించండి, టిక్కెట్టు డబ్బులతో పోతుంది. చేస్తామంటారా? అయితే ఈ సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు పాక వెనకాల ఓసారి తొంగిచూడండి. బోర్లా పడి వున్న ఆ తొట్టిని తిరగేసే ముందు ఓ కర్రతో తట్టండి సుమా. కింద తేళ్ళుంటాయి!

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.